ముప్పై ఎనిమిదా, నలభై అయిదా

శుక్రవారం సాయంత్రానికల్లా ఒక అంకె చెప్పాలి. ఒకే ఒక్క అంకె. పాండురంగం దగ్గర పదకొండు వందల అంకెలున్నాయి గాని, ఆ ఒక్కటి మాత్రం లేదు.

నైజాం రోజుల్లో గోదావరి అడవుల అంచున నీలవరం అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాని అడవికి పన్నెండుమంది గార్డులు. పోయిన వేసవిలో వాళ్ళలో ఒకడైన జోగయ్య మీద ఎలుగుబంటి పడింది. అతను రివాల్వరులో ఉన్న ఆరు తూటాలూ కాల్చాడు. ఒక్కటీ తగల్లేదు. ప్రాణం దక్కింది గాని, ఎడమ చెయ్యి మోచేతి కింద ఎండుకట్టెలా మిగిలింది. ఆ పాత రివాల్వర్లు ఇంకెందుకూ పనికిరావని కచేరీలో అందరూ ఒకేమాటగా తేల్చేశారు.

దివాను కొత్తవి కొంటానన్నాడు. దాంతోపాటు ఇంకో మాట అన్నాడు. బొంబాయి నుంచి వచ్చే తూటాలు ఒక్క వానాకాలం దాటేసరికి నెమ్మెక్కి పాడవుతున్నాయి, ఇక మీదట సీసం మనమే కరిగిద్దాం, గుండ్లు మనమే పోసుకుందాం, కాల్చిన డొప్పల్లో మళ్ళీ మనమే నింపుకుందాం. మరి ఇంట్లో పోసిన గుండుకు ఏ కొలత రివాల్వరు నప్పుతుంది? అది తేల్చే పని పాండురంగం తనంతట తానే వెళ్ళి అడిగి తెచ్చుకున్నాడు. తేలిస్తే ఆయుధశాల దరోగా ఉద్యోగం అతనిది. తప్పుగా తేలిస్తే ఆ తప్పును పన్నెండుమంది నడుముకు కట్టుకుని పదేళ్ళు అడవిలో తిరగాలి.

నమూనాకు నాలుగు రివాల్వర్లు వచ్చాయి. ముప్పై రెండు, ముప్పై ఎనిమిది, నలభై నాలుగు, నలభై అయిదు. గొట్టం బొర్ర అంగుళంలో ఎన్ని నూరోవంతుల వెడల్పో చెప్పే అంకెలు అవి. పాండురంగానికి ఇరవై రెండేళ్ళు. మూడు అంకెల సంఖ్యలు రెండు చెబితే, చెప్పినవాడు నోరు మూసేలోపు గుణించేవాడు. నాలుగు రివాల్వర్లలో ఒకటి ఏరడం ఎంతసేపు అనుకున్నాడు.

మూడు నెలలయింది.

ముప్పై రెండు మంచిదనిపించేది. సేరు సీసానికి నూట నలభై ఏడు గుండ్లు వస్తాయి. కాని ఆ గుండు ఎలుగుకు దోమ కుట్టినంత. నలభై అయిదు మంచిదనిపించేది. సీసం మెత్తని లోహం, వేగంగా తోస్తే గొట్టం లోపలి గాడులకు వెన్నలా అంటుకుంటుంది, బరువుగా నిదానంగా పోయే పెద్ద గుండుకైతే ఆ బాధ లేదు. కాని సేరుకు యాభై ఆరే వస్తాయి. పైగా అది అరచేతిలో గుర్రంలా తన్నుతుంది. నలభై నాలుగు దానికి తమ్ముడు. ముప్పై ఎనిమిది అన్నింటికీ మధ్యన ఉండి, దేనికీ తేలకుండా చంపుతోంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. అతను పోసిన గుండ్లు గురిపెట్టిన చోటికి కాక కిందికి పోతున్నాయి. ముప్పై రెండువి కొంచెం. ముప్పై ఎనిమిదివి ఇంకొంచెం. నలభై అయిదువి జానెడు.

సీసం మరీ మెత్తగా ఉందేమోనని తగరం కలిపాడు. తగ్గించాడు. మళ్ళీ కలిపాడు. అచ్చు వేడి తక్కువైతే గుండు మీద ముడతలు పడుతున్నాయని, వేడి చూసి పోశాడు. ఒక్కొక్క గుండునూ త్రాసులో వేసి, గింజ ఎత్తు తేడా వచ్చినా మూసలో పడేసి మళ్ళీ కరిగించాడు. అయినా కిందికే. సోమవారం లెక్క నలభై నాలుగు అంటే, మంగళవారం లెక్క ముప్పై ఎనిమిది అనేది. బుధవారం రెండు లెక్కలనూ కలిపి చూస్తే ముప్పై రెండు వచ్చింది. అది చూసి అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అతని గురువు ఉస్తాద్ ఖైరాత్ అలీ. ఒకప్పుడు సంస్థానం ఆయుధాలన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. ఇప్పుడు గడీ వెనక పాత ఏనుగుల కొట్టంలో కొలిమి పెట్టుకుని కూర్చున్నాడు. తుపాకులు తక్కువ, తాళాలు ఎక్కువ. తాళంచెవి పోగొట్టుకున్న ఆడవాళ్ళు పెట్టెలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్ళు. ఆయన వాటిని తెరిచి ఇచ్చేవాడు. లోపల ఏముందో చూడకుండా ముఖం అటు తిప్పుకునేవాడు.

మాట మాత్రం పొదుపు. పాండురంగం ఏదడిగినా ఉన్నది ఇచ్చేవాడు. సీసం అడిగితే సీసం. తగరం అడిగితే తగరం. నెల కిందట పాండురంగం వచ్చి, ఆకురాయి కావాలన్నాడు.

"ఎందుకు బేటా?"

"నలభై అయిదుకు ముందు గురిమొన ఎత్తుగున్నది ఉస్తాద్. అందుకే దెబ్బ కిందికి పోతున్నది. అది తగ్గిస్తే పైకి లేస్తది. ఎంత తగ్గించాలెనో లెక్క కట్టిన."

ఉస్తాద్ గొట్టం కొసన గురి చూసేందుకు నిలబెట్టిన ఆ చిన్న మొనను వేలితో తడిమాడు. ఏదో అనబోయాడు. అనలేదు. సన్నటి ఆకురాయి ఏరి ఇచ్చాడు.

ఆకురాయి పట్టాక రెండు రోజులు దెబ్బలు పలక మధ్యలో పడ్డాయి. ఆ రెండు రోజులూ పాండురంగం కాళ్ళు నేల మీద నిలవలేదు. మూడో రోజు మళ్ళీ కిందికి దిగాయి.

శుక్రవారం పొద్దున్నే కచేరీ నుంచి మనిషి వచ్చాడు. వచ్చింది జోగయ్యే. చెయ్యి పోయాక అతనికి అడవి డ్యూటీ తీసేసి చీటీలు మోసే పని ఇచ్చారు. కొత్త రివాల్వర్లు వచ్చాక మళ్ళీ అడవికి పంపుతామన్నారు. కుడిచెయ్యి బాగానే ఉంది కదా.

"దివాను దొర చీటీ తెమ్మన్నడు పంతులూ. అంకె ఏసి ఇస్తే పొద్దు గూకేలోపల ఇచ్చొస్త."

"కూసో జోగన్నా. తేలలేదు."

"ఎప్పటికి తేలుతది?"

పాండురంగం ప్రతి దెబ్బా రాసిపెట్టుకున్న పుస్తకం తీసుకుని ఉస్తాద్ ముందు కూర్చున్నాడు. మూడు నెలల్లో ఈ ప్రశ్న ఆయన్ను సూటిగా అడగలేదు. అడిగితే తాను తేల్చినట్టు కాదు కదా అన్న పౌరుషం. ఇప్పుడు ఆ పౌరుషానికి తీరిక లేదు.

"నాకు మతి పోతున్నది ఉస్తాద్. సీసం తీరు చూస్తే పెద్దది కావాలె. సీసం ఖర్చు చూస్తే చిన్నది కావాలె. దెబ్బ చూస్తే ఏదీ నిలకడ లేదు. ఏది రాయాలె? మీరే చెప్పండి."

ఉస్తాద్ చేతిలోని తాళం పక్కన పెట్టాడు. "నలభై అయిదు తే," అన్నాడు. "ఆలీసం అయితే ఎండ ఎక్కుతది. పోదాం పదండి."

కొట్టం వెనక ఎండిన వాగు ఉంది. అవతలి ఒడ్డు నిలువుగా, ఎర్రమట్టి గోడలా ఉంటుంది. దానికి ఆనించి ఒక చెక్క పలక, పలక మధ్యలో సున్నంతో పెట్టిన బొట్టు. పాండురంగం పదకొండు వందల గుండ్లూ ఆ మట్టిలోనే ఉన్నాయి.

ఉస్తాద్ వాళ్ళిద్దరికీ వీపు పెట్టి రివాల్వరు చక్రం నింపాడు. మూసి, జోగయ్యకు అందించాడు.

జోగయ్య వెనక్కి తగ్గాడు. "నాకెందుకు సాబు?"

"మోసేది నువ్వే కదా. కొట్టి చూడు."

జోగయ్య కుడిచెయ్యి చాచి గురిపెట్టాడు. మొదటిది పేలింది. పలక కింద మట్టి లేచింది. రెండోసారి మీట నొక్కాడు. పేలలేదు. టక్కుమని ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు, అంతే. కాని గొట్టం మూతి, కొంగ నీళ్ళలో ముక్కు పెట్టినట్టు, బుడుక్కున కిందికి వంగింది.

నింపేటప్పుడే ఉస్తాద్ ఆరింటిలో కొన్ని చోట్ల కాల్చేసిన డొప్పలు పెట్టాడు. వెనక నుంచి చూస్తే ఆరు ఇత్తడి అంచులూ ఒకేలా కనిపిస్తాయి. ఏది పేలేదో, ఏది ఉత్తదో కాల్చేవాడికి తెలియదు.

పాండురంగం నవ్వాడు. "జోగన్నా, పేలకముందే దండం పెడుతున్నవు. తుపాకి పేలుతదని చెయ్యి ముందే అదురుతున్నది. ఎలుగును గట్లనే కొట్టినవా?"

జోగయ్య ముఖం చిన్నబుచ్చుకుని రివాల్వరు తిరిగి ఇచ్చాడు.

ఉస్తాద్ మళ్ళీ వీపు తిప్పాడు. మళ్ళీ నింపాడు. ఈసారి పాండురంగానికి అందించాడు.

పాండురంగానికి కిటుకు తెలిసిపోయింది కదా. ఉత్తది ఎప్పుడైనా రావచ్చు. చెయ్యి కదలకూడదు. ఊపిరి బిగబట్టాడు. మణికట్టు బిగించాడు. కాల్చాడు. పేలింది. మళ్ళీ కాల్చాడు. పేలింది. మూడోదీ పేలింది. నాలుగోది ఉత్తదే అయి ఉంటుందని లెక్క వేసుకున్నాడు. పేలింది. ఆ లెక్క తప్పడంతో చిన్న విసుగు వచ్చింది. ఆ విసుగులోనే అయిదోది నొక్కాడు.

టక్.

గొట్టం మూతి జోగయ్యది వంగినదానికంటే రెట్టింపు వంగింది. పేలి ఉంటే గుండు పలకకు ఇవతలే నేలలో దిగబడేది.

వాగులో పిట్ట ఒకటి అరుస్తోంది.

జోగయ్య గొంతు తగ్గించి, మర్యాదగానే అన్నాడు. "పంతులూ. ఇక్కడ ఎలుగు సుత లేదు."

పాండురంగం చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్కసారి జారింది. దీనికి తన్ను ఎక్కువ. ఎవరు పట్టినా గింతే." రివాల్వరు ఉస్తాద్ వైపు చాచాడు. చాచాక గాని తన మాట గురువుకే సవాలులా వినిపించిందని అతనికి తెలియలేదు. "మీరు కొట్టండి ఉస్తాద్. నేను నింపుత."

ఉస్తాద్ తలూపాడు. ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నట్టు చేతులు కుర్తాకు తుడుచుకున్నాడు.

పాండురంగం అటు తిరిగి నింపాడు. రెండు పేలేవి, మూడోది ఉత్తది. ముసలాయన చెయ్యి రెండు పేలుళ్ళకు అలవాటు పడ్డాక మూడో దగ్గర దొరికిపోతుందని అతని లెక్క.

ఉస్తాద్ తొందరపడలేదు. మొదటిది కాల్చాడు. గుండు పలక మధ్య బొట్టుకు జానెడు పైన పడింది. రెండోది కాల్చాడు. అదీ అక్కడే, మొదటిదాన్ని ఆనుకునే పడింది. జోగయ్య పెద్దాయన గురి తప్పడం చూడకూడదన్నట్టు చెట్ల వైపు చూశాడు. కళ్ళు మందగించాయి పాపం, అనుకున్నాడు పాండురంగం.

మూడోది. టక్.

జోగయ్యకు కదలిక కనిపించలేదు. పాండురంగానిది గింజ తేడా పట్టే కన్ను. గొట్టం మూతి కదిలింది. వడ్లగింజ అంత.

అతను చూశాడని ఉస్తాద్ చూశాడు.

"నలభై ఏండ్లాయె," అన్నాడు ముసలాయన, రివాల్వరు చక్రం తెరుస్తూ. "ఇంకా గింత మిగిలింది. పోతదో పోదో."

పాండురంగం వాగు దాటి పలక దగ్గరికి వెళ్ళాడు. బొట్టుకు పైన రెండు రంధ్రాలు, పక్కపక్కన, అల్లుకున్నట్టు ఉన్నాయి. ఇంత దగ్గర దగ్గరగా కొట్టిన చెయ్యి ఇంత పైకి ఎలా తప్పింది? ఆ ప్రశ్న మనసులో ఇంకా పూర్తి కాలేదు, లెక్క దానంతటదే కట్టుకుంది. ఇరవై గజాల దూరం. గొట్టం పొడవు ఇంత. తాను గురిమొన మీద ఆకురాయితో తీసింది ఇంత. ఎంత రావాలి?

జానెడు రావాలి.

వేళ్ళతో కొలిచాడు. జానెడే వచ్చింది.

తుపాకి తప్పు కొట్టడం లేదు. నెల కిందట తాను దిద్దకముందు అసలు తప్పు కొట్టి ఉండదు. తాను దిద్దింది తుపాకిని కాదు. తన మణికట్టులోని అదురుకు కొలత తీసి, ఆ కొలతను తెచ్చి ఇనుము మీద చెక్కాడు.

తిరిగి వచ్చేటప్పుడు అతని నడక మెల్లగా ఉంది.

"మీకు ముందే తెలుసు," అన్నాడు.

"మొదటి దినమే."

"మరి చెప్పలేదు."

"చెప్పిన కదా బేటా. దెబ్బ ఎందుకు కిందికి పోతున్నదని అడిగినవు. చెయ్యి చూసుకో అన్న. నువ్వు తగరం ఎంత కలపాలె అన్నవు. తగరం ఇచ్చిన."

పాండురంగానికి ఆ రోజు గుర్తొచ్చింది. ఉస్తాద్ ఆ మాట అన్నారు. కొలిమి దగ్గర చెయ్యి కాల్చుకుంటానేమోనని హెచ్చరిస్తున్నారనుకుని, జాగ్రత్తగానే ఉన్నానని తాను జవాబు కూడా చెప్పాడు.

పుస్తకం తెరిచాడు. నిలువు గీతలు, అడ్డ గీతలు. ఒక్క కొట్టివేత లేదు. "ఇవన్నీ తప్పులేనా ఉస్తాద్? పదకొండు వందలు?"

ఉస్తాద్ పుస్తకం అందుకుని నాలుగు పేజీలు తిప్పాడు. ఆయనకు చదువు అంతగా రాదు గాని అంకెలు వచ్చు.

"తప్పులేం లేవు. కూడికలు బాగున్నయి," అన్నాడు. "తుపాకులవి గావు, గంతే."

పాండురంగం పుస్తకం తీసుకుని మూసి, వాగు ఒడ్డున కూర్చున్నాడు. ఎండ వాగులోకి దిగింది. చీటీ రాయాలి. ఇప్పుడు అతని దగ్గర ఆ పదకొండు వందలూ లేవు. మూడు నెలల కిందట నమూనాల పెట్టె విప్పినప్పుడు ఎంత తెలుసో అంతే తెలుసు. ఆ రోజు కనీసం ధైర్యమన్నా ఉండేది.

"జోగన్నా," అన్నాడు చివరికి. "నీకెన్ని తూటాలు ఇచ్చేది సర్కారు?"

"ఏడాదికి ఆరు."

"అవి ఎప్పుడన్నా కొట్టి చూసినవా?"

"కొడితే ఎట్ల పంతులూ? అయిపోవా? ఎలుగు వచ్చిన దినమే మొదలు కొట్టింది."

"ఏ కొలతది నీ పాతది?"

"ముప్పై ఎనిమిది అంటరు."

పాండురంగం ముందుకు వంగాడు. అతనికి మళ్ళీ ఆశ పుట్టింది. కొలతల్లోకి మళ్ళీ దారి దొరికినట్టనిపించింది. "అయితే చెప్పు. దానికి ఎలుగు ఆగుతదా? నలభై అయిదు కావాలెనా?"

జోగయ్య ఆలోచించాడు. ఎండిన చెయ్యిని మంచి చేత్తో ఒళ్ళోకి సర్దుకున్నాడు.

"ఎలుగు సంగతి నాకెట్ల తెలుస్తది పంతులూ? ఆరు గుండ్లూ దాని కాళ్ళ ముంగట మట్టికే తగిలినయి." కొంచెం ఆగి అన్నాడు. "మట్టి అయితే ఆగింది."

ఉస్తాద్ నవ్వాడు. జోగయ్య కూడా నవ్వాడు. పాండురంగం నవ్వలేకపోయాడు. తాను పొద్దున అన్న మాట, ఎలుగును గట్లనే కొట్టినవా అన్నది, ఇప్పుడు వచ్చి తనకే తగిలింది.

"అన్నా, పొద్దున ఒక మాట అన్న. మనసుల పెట్టుకోకు."

"నువ్వు సుత గట్లనే వంచినవ్ కదా. చెల్లుకు చెల్లు."

పాండురంగం నాలుగు రివాల్వర్లూ తెప్పించాడు. నాలుగూ ఖాళీ చేసి, ఒక్కోదాంట్లో కాల్చేసిన డొప్పలే తాను చూసి పెట్టి, జోగయ్య చేతికిచ్చాడు. ఏమీ పేలదని జోగయ్యకు తెలిసినా, నలభై అయిదు చేతికి రాగానే భుజం బిగుసుకుంది. ముప్పై రెండుకు బిగుసుకోలేదు గాని అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది తీసుకుని అడవికి పొమ్మంటే పోనన్నాడు. ముప్పై ఎనిమిది దగ్గర తాపీగా నిలబడ్డాడు. ఇది పాతదాని లెక్కనే ఉన్నది, దీనితో నాకు పగ ఉన్నది గాని భయం లేదన్నాడు.

ముప్పై ఎనిమిదివి సేరు సీసానికి తొంభై ఒకటి. ఆ అంకె పాండురంగం తలలో వెలిగింది. ఇంతకాలం గుండు ఎంత సీసం తింటుందని చూశాడు. ఎన్నిసార్లు కాల్చనిస్తుందని చూడలేదు. సొంతంగా పోసిన గుండు అయితే, ఎలుగు వచ్చిన రోజు దాకా దాచనక్కర్లేదు.

చీటీ రాశాడు. మెల్లగా రాశాడు. రాసింది రెండే పంక్తులు. మడిచి జోగయ్యకు ఇచ్చాడు.

జోగయ్యకు చదువు రాదు. "ఏం రాసినవు?"

"ముప్పై ఎనిమిది. కింద ఇంకొకటి రాసిన. మనిషికి నెలకు రెండు వందల గుండ్లు, ఈ వాగుల కొట్టాలె. కొట్టినాకనే అడవికి."

"రెండు వందలా?" జోగయ్య చీటీని మళ్ళీ చూశాడు, తెరవకుండానే. "దివాను దొర ఊకోడు పంతులూ. అంకె ఒక్కటే అడిగిండు. నీ నౌకరి పోతదేమో."

"పోతదేమో."

జోగయ్య చీటీని తలపాగా మడతలో పెట్టుకుని వాగు గట్టు ఎక్కాడు. అతను కనుమరుగయ్యే దాకా పాండురంగం చూశాడు. మనసు ఇంకా కుదుటపడలేదు. రాసిన అంకె ఒక్క ముప్పావుగంటలో రాసింది. ఒక్క మనిషి భుజం చూసి రాసింది. పదకొండు వందలకే తేలనిది దానితో తేలిందా?

ఉస్తాద్ అప్పటికే కొట్టంలోకి వెళ్ళి తాళం ముందు కూర్చున్నాడు. పాండురంగం గుమ్మంలో నిలబడ్డాడు.

"ముప్పై ఎనిమిది సరైందేనా ఉస్తాద్?"

ఉస్తాద్ తాళంలో సన్నటి చువ్వ దూర్చి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"అది నాకు తెల్వదు బేటా," అన్నాడు. "రెండు వందలు సరైందే."